పాత ఫైబర్‌గ్లాసు పడవ మరమ్మతు

చెరువులు ఎండిన ఏండ్లు ఎక్కువగా చూచిన సీమలో పడవను గూర్చి వ్యాసము వ్రాయుట వింతగా తోచవచ్చును. శాంతిపురము, కుప్పము, పుంగనూరు, మదనపల్లె, ఇవన్నియు పీఠభూమి మీది ఊళ్లు. ఇచ్చట పెద్దనది లేదు. కర్ణాటకమున నంది కొండల ప్రాంతమందు పుట్టిన పాలారు మన రాష్ట్రమున సుమారు 33 కిలోమీటర్లు మాత్రమే సాగి తమిళనాడు చేరును. సంవత్సరములో అధికభాగము అది ఇసుకదారియే. ఐనను చెరువులు మన పూర్వులు మనకు విడిచిపోయిన సముద్రములు. వానిలో కొన్నింటి పేర్లలోనే ‘సముద్రము’ అను మాట నిలిచియున్నది. కుప్పము సమీపమున గల పరమసముద్రము చెరువు అట్టిదే. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కుప్పము శాఖాకాలువ ద్వారా కృష్ణాజలములు ఈ సీమకు చేరినవి. చెరువు నిండినచోట చేపల పెంపకము, చేపల పెంపకమున్నచోట పడవ అవసరమగును.

ఆ పడవ నేడు చాలవరకు కొయ్యది కాదు, ఫైబర్‌గ్లాసుది. క్రొత్తది కొనుట చిన్న సంఘములకు భారము గనుక పాతపడవ వైపు చూపు పోవుట సహజము. దానిని ఇంటిప్రక్క షెడ్డులోనో, పశువులు లేని కొట్టములోనో పెట్టి మనమే బాగుచేసికొనగలమా అను ప్రశ్న వచ్చును. చేసికొనవచ్చును. పెద్ద యంత్రము లక్కరలేదు. కాని ఈ పనిలో ఒక మోసము కలదు. పడవకు అందమునిచ్చునది పైనున్న రంగు. ప్రాణములు నిలుపునది ఆ రంగు క్రింద నున్నది. రంగు వేయుట రెండు దినముల పని, క్రిందిదానిని చక్కబెట్టుట రెండు మాసముల పని. రెండు మాసముల పనిని విడిచి రెండు దినముల పనితో ముగించిన పడవ, అసలు బాగుచేయని పడవకంటె ప్రమాదకరము. చెడినదని తెలిసిన పడవను ఎవరును ఎక్కరు గదా!

‘మరమ్మతు’ అను మాట అరబ్బీలో పుట్టి, పారశీ ఉర్దూల మీదుగా మన తెలుగులోనికి వచ్చి, మన పల్లెలలో బావి మరమ్మతు, బండి మరమ్మతు అని స్థిరపడినది. చెడినదానిని పారవేయక తిరిగి పనికి తెచ్చుట ఆ మాట తాత్పర్యము. ఫైబర్‌గ్లాసు విషయమున అది ఏల ముఖ్యమో తెలియవలెనన్న, ముందుగా ఆ పదార్థమేమో తెలియవలెను.

మన ఇండ్లలో మట్టిగోడ కట్టునప్పుడు మట్టిలో వరిగడ్డి త్రొక్కి కలుపుదురు. మట్టి ఆకారము నిచ్చును, గడ్డి పగుళ్లను ఆపును. ఫైబర్‌గ్లాసు సూత్రమును అంతియే. గడ్డికి బదులు వెంట్రుక కంటె సన్నని గాజుపోగులు, మట్టికి బదులు పాలియెస్టర్ రెజిన్ అను చిక్కని ద్రవము. గాజుపోగుల పరిశ్రమ అమెరికాలో 1930ల నాటికి నిలదొక్కుకొన్నది. అదే దశాబ్దమున పాలియెస్టర్ రెజినులు వెలువడినవి. 1942లో ఒహాయో రాష్ట్రపు టొలీడో పట్టణమున రే గ్రీన్ అను నతడు ఈ రెండింటిని కలిపి చిన్న తెరచాప పడవను నిర్మించెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఈ విద్య లోకమంతట వ్యాపించినది.

రెజిన్ ఒకసారి గట్టిపడిన తరువాత తిరిగి కరగదు. బకెట్టు ప్లాస్టిక్కు వేడికి కరగి మరల వేరొక బకెట్టగును. ఈ పదార్థము అట్లు కాదు. రసాయనశాస్త్ర పాఠములో దీనినే ఉష్ణదృఢ ప్లాస్టిక్కు అందురు. ఆవములో కాలిన కుండ తిరిగి బంకమన్ను కానట్లే, గట్టిపడిన ఫైబర్‌గ్లాసు తిరిగి రెజిన్ కాదు. కావున పాతపడవకు పాత ఇనుపసామానుల అంగడిలో విలువ లేదు. కాల్చిన విషధూమము, పూడ్చిన శాశ్వతమైన చెత్త. జర్మనీ వంటి దేశములలో ఇట్టి వ్యర్థమును సిమెంటు కొలుములలో వాడు పద్ధతి కలదు గాని, చిన్న ఊరి పడవ అంతవరకు పోవుట కల్ల. దాని ఆయుస్సును మరి పదియేండ్లు పొడిగించుటయే మనకు దక్కిన మార్గము.

మన కోస్తాతీరమున ఈ పడవల చరిత్ర అంత పాతది కాదు. శతాబ్దములుగా అచ్చట తేలిక కొయ్యదుంగలు త్రాళ్లతో కట్టిన తెప్పలు, కుట్టుపడవలు, నావలు నడచినవి. మంచి కొయ్య దొరకుట కష్టమై, దాని ధర పెరిగిన కొలది ప్రత్యామ్నాయమును వెదకవలసివచ్చినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యమున 1979లో మద్రాసు కేంద్రముగా ఆరంభమైన బంగాళాఖాత కార్యక్రమము, అలలలో ఒడ్డునకు చేరగల ఫైబర్‌గ్లాసు పడవలను 1980లలో రూపొందించి తూర్పుతీరమున పరీక్షించినది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, రబ్బరుచెట్టు కొయ్యవంటి చౌక కలపతో పడవ చేసి, పైన ఫైబర్‌గ్లాసు తొడుగు వేయు విధానమును పరిశోధించినది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ అనంతరము పోయిన తెప్పల స్థానమున ఫైబర్‌గ్లాసు పడవలు పెద్దయెత్తున పంపిణీ యైనవి. తొందరలో చేసిన పడవలలో కొన్ని నాసిరకముగా నుండినవని ఆనాడే నిపుణులు చెప్పిరి. అందుచేత పాతపడవ కొనువాడు దాని వయస్సునే గాక, అది ఏ తొందరలో పుట్టినదో కూడ విచారింపవలెను.

లోపలి జలాశయములలో వేరొక సంప్రదాయము కలదు. శ్రీశైలము, నాగార్జునసాగరు జలాశయములలో మత్స్యకారులు వాడు పుట్టి, వెదురుబద్దల అల్లికపై ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూసినది. మనకు పొరుగున తమిళనాడులోని హొగేనకల్ వద్ద కావేరిపై తిరుగు పరిసలు దీనికి దాయాది. పుట్టి చిరిగిన సాయంత్రమునకే అతుకు వేసికొనవచ్చును. దాని రోగము కంటికి కనబడును. ఫైబర్‌గ్లాసు పడవ రోగము కంటికి కనబడదు. ఇక్కడనే అసలు పాఠము మొదలగుచున్నది.

“ఫైబర్‌గ్లాసు కుళ్లదు” అని అమ్మువారు చెప్పుదురు. అందులో సగము నిజము. గాజు కుళ్లదు, రెజిన్ కుళ్లదు. కాని పడవలో ఆ రెండే ఉండవు. మోటారు బిగించు వెనుక పలకలో ప్లైవుడ్ ఉండును. అడుగున పొడవుగా సాగు దూలములలో కొయ్యయో, స్పంజి వంటి ఫోమో ఉండును. ఒక మేకు రంధ్రము గుండా, ఒక స్క్రూ ప్రక్కగా నీరు లోనికి దిగిన, వెలుపలి గాజుపొర చెక్కుచెదరక యుండగనే లోపలి కొయ్య బూడిదగుమ్మడి గుజ్జువలె మెత్తబడును. మోటారు పూర్తి బలముతో త్రోయుచున్న వేళ ఆ పలక విరిగిన, మోటారు నీటిపాలు, పడవ వెనుక భాగము తెరచిన ద్వారము!

పరీక్షకు ఉత్తమసాధనము చిన్న సుత్తి లేక రూపాయి నాణెము. సంతలో కుండ కొనునప్పుడు వ్రేలితో మ్రోగించి చూచుట మనకు తెలియనిది కాదు. అట్లే పడవనంతటిని జానెడు జానెడుగా కొట్టుచు వినవలెను. పొరలు గట్టిగా కలిసియున్నచోట ఖంగుమని స్వచ్ఛమైన ధ్వని వచ్చును. పొరలు విడిపోయినచోట, లోపలి కొయ్య తడిసినచోట బొద్దుగా, మూగగా పలుకును. మూగగా పలికిన ప్రతిచోట సుద్దతో గీత గీయవలెను. గీతలన్నియు పూర్తియైన తరువాత దూరముగా నిలిచి చూచిన, పడవ రోగపటము ఎదుట నిలుచును. సందేహమున్న వెనుక పలకలో లోపలివైపు నుండి సన్నని రంధ్రము వేసి, బర్మాకు అంటి వచ్చిన పొట్టును చూడవలెను. పొడిగా, లేత రంగున నున్న కొయ్య క్షేమము. నల్లగా, తడిగా, పుల్లని వాసనతో వచ్చిన ఆ పలకను మార్చక తప్పదు.

అడుగుభాగమున చిన్న బొబ్బలు కొన్ని పడవలకు కనబడును. వాని కారణము వృక్షశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే, ద్రవాభిసరణము. పడవకు వెలుపల నుండు నునుపైన రంగుపొరను జెల్‌కోట్ అందురు. అది నీటిని పూర్తిగా ఆపదు. మాసములు సంవత్సరములు నీటిలోనున్న, నీటి అణువులు మెల్లగా దాని గుండా లోనికి పోవును. లోపల రెజిన్‌లో మిగిలిన కరగు పదార్థములతో కలిసి చిక్కని ద్రావణ మగును. వెలుపలి పలుచని నీరు దానివైపు మరింత దిగును, ఒత్తిడి పెరిగి బొబ్బ లేచును. దానిని గుచ్చునప్పుడు పుల్లని ఘాటువాసన గల ద్రవము చిమ్మును గనుక కన్నులు కాపాడుకొనవలెను. చెరువునీరు ఉప్పులేనిది గనుక పడవకు మేలని కొందరి భావన. బొబ్బల విషయమున అది తలక్రిందులు. వెలుపలి నీరు ఎంత మంచినీరైన, ద్రవాభిసరణము అంత బలముగా సాగును. సముద్రమున తిరిగిన పడవను చెరువులో ఏడాది పొడుగున వదలిపెట్టువారు ఈ సంగతి మరువరాదు.

తడిసిన పడవను ఎండబెట్టుట ఈ పనిలో అన్నింటికంటె విసుగు కలిగించు ఘట్టము. బొబ్బలను గీకివేసి, మంచినీటితో పలుమార్లు కడిగి, బోర్లించి, గాలి ఆడునట్లు దిమ్మలపై నిలిపి వేచియుండవలెను. వారములు పట్టును, కొన్నింటికి మాసములు పట్టును. ఈ విషయమున మాత్రము మన సీమ కోస్తా కంటె అదృష్టము చేసికొన్నది. సంక్రాంతి వెళ్లిన నాటినుండి మే మాసము వరకు ఇచ్చటి పొడిగాలి ఖర్చులేని యంత్రము. ఆరినదో లేదో తెలిసికొనుటకు ఒక సులభమైన ఉపాయము కలదు. జానెడు పారదర్శక ప్లాస్టిక్ కాగితమును పడవపై పరచి, నాలుగంచులు గాలి చొరకుండ టేపుతో అంటించి, ఒక పగలు ఒక రాత్రి ఉంచవలెను. కాగితము అడుగున చెమ్మ పట్టిన ఇంకను వేచియుండవలసినదే. చెమ్మ పట్టనినాడు పనికి పూనుకొనవచ్చును. తడిమీద అతుకు వేసినవాడు నీటిని లోపలపెట్టి తలుపు మూసినవాడు.

తరువాత అతుకు. కళాయి వేయువారిని మీరు చూచియే యుందురు. వారు తగరము పూయుటకు పట్టు కాలము కంటె పాత్రను తోముటకు పట్టు కాలమే ఎక్కువ. చిలుము, జిడ్డు రవ్వంత మిగిలినను తగరము అంటదు. ఫైబర్‌గ్లాసు అతుకును అట్టిదే. క్రొత్త పడవ చేయునప్పుడు ఒక పొర పచ్చిగా నుండగానే మరొకపొర వేయుదురు గనుక రెండును రసాయనికముగా ఒక్కటగును. ఏండ్ల క్రిందట గట్టిపడిన పడవపై వేయు క్రొత్త పొరకు ఆ భాగ్యము లేదు. అది కేవలము అంటుకొని నిలువవలెను. కాబట్టి ముందు అసిటోన్‌తో జిడ్డు, మైనము తుడిచి, ఆ తరువాతనే గరుకుకాగితము పట్టవలెను. ఈ క్రమము తారుమారైన, జిడ్డును గీతలలోనికి రుద్దినట్లగును.

అతుకునకు బలము నిచ్చునది వైశాల్యము. రంధ్రము అంచును నిలువుగా విడిచి పూడ్చిన, ఆ పూడిక సీసా మూతవలె ఒకనాడు ఊడిపోవును. అంచును చుట్టును ఏటవాలుగా అరగదీయవలెను. వాడుకలోనున్న నియమము, మందమునకు పండ్రెండు రెట్లు వాలు. ఒక లెక్క చూతము. పడవ గోడ మందము 6 మిల్లీమీటర్లు, రంధ్రము అడ్డుకొలత 10 సెంటీమీటర్లు అనుకొందము. వాలు 72 మిల్లీమీటర్లు. రెండువైపుల కలిపి 14.4 సెంటీమీటర్లు. అనగా పిడికెడు రంధ్రమునకు 24 సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పున మంచి గోడను అరగదీయవలెను. క్రొత్తవారికి ఇది మనసొప్పదు. చిన్నగాయమును పెద్దదిగా చేయుచున్నట్లు తోచును. ఐనను బలమంతయు ఆ వాలులోనే ఉన్నది.

గాజుపోగులు అంగళ్లలో ముఖ్యముగా రెండు రూపములలో దొరకును. పొట్టిపోగులు అడ్డదిడ్డముగా పరచి అట్టవలె చేసినది మ్యాట్. పొడుగుపోగుల నేత రోవింగ్. చదరపు మీటరునకు 450 గ్రాముల మ్యాట్ ఒక పొర రెజిన్‌తో కలిసి సుమారు ఒక మిల్లీమీటరు మందమగును. కావున పై రంధ్రమునకు ఆరు పొరలు. రంధ్రము కంటె కొంచెము పెద్దదైన ముక్క మొదలుకొని వాలు చివరి అంచువరకు క్రమముగా పెరుగునట్లు ఆరు వృత్తములు కత్తిరించిన, మొత్తము వైశాల్యము సుమారు 0.165 చదరపు మీటర్లు, గాజు సుమారు 75 గ్రాములు. మ్యాట్‌కు దాని బరువునకు రెండు మొదలు రెండున్నర రెట్లు రెజిన్ పట్టును గనుక 170 గ్రాములు చాలును, వృథా వేరు. అన్నిటికంటె పెద్దముక్క ముందు వేయవలెనని కొందరు, చిన్నది ముందని కొందరు వాదింతురు. పెద్దముక్క ముందు వేసిన అది వాలునంతటిని ఒకేసారి పట్టుకొనును గనుక నాకు ఆ పక్షమే సమంజసముగా తోచుచున్నది. వీలైనంత వరకు లోపలివైపు నుండి పనిచేసి, వెలుపల మైనము రాచిన నున్నని సన్‌మైకా రేకును ఆనించి కట్టిన, ఆకారము చెడదు.

రెజిన్ ఎక్కువైన బలము ఎక్కువగునని భ్రమపడరాదు. బలము గాజుది. రెజిన్ ఎక్కువైన అతుకు పెళుసగును, తక్కువైన తెల్లని పొడిమచ్చలు మిగిలి నీటికి దారి యిచ్చును. కుంచెతో పూయుటకంటె పొడిచినట్లు అద్దుచు, చక్రముల ఇనుప రోలరుతో గాలిబుడగలను వెలుపలికి నెట్టవలెను. పొరలన్నియు ఒక్కసారే వేసిన వేడి పుట్టి అతుకు మెలిపడును. మూడేసి పొరలుగా రెండు విడతలు చేయుట మేలు. చివరిపొరకు గాలి తగిలినంతసేపు పాలియెస్టర్ పైపైన జిగటగా మిగులును గనుక, అందులో మాత్రము కొంచెము మైనపు ద్రావణము కలుపుదురు. దానిపై మరల పొర వేయవలసివచ్చిన ఆ మైనమును తుడిచి, గీకి, ఆ తరువాతనే వేయవలెను.

ఇక రసాయనములు. ఈ భాగమును విద్యార్థులు రెండుసార్లు చదువ ప్రార్థన. రెజిన్‌ను గట్టిపరచుటకు మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్ అను ద్రవమును నూటికి ఒకటి మొదలు రెండు వంతులు కలుపుదురు. అంగడివారు దీనిని ఉత్ప్రేరకమందురు. చర్యలో తానును ఖర్చగును గనుక ప్రారంభకమనుట శాస్త్రసమ్మతము. చర్యను వేగిరపరచుటకు కోబాల్ట్ లవణమును వేరుగా కలుపుదురు. ఈ రెండింటిని ఎన్నడును ఒకదానితో నొకటి నేరుగా కలుపరాదు, ప్రేలును. కోబాల్ట్ ముందు రెజిన్‌లో పూర్తిగా కలిసిన తరువాతనే పెరాక్సైడ్ కలుపవలెను. వీలైన కోబాల్ట్ కలిపియే అమ్ము రెజిన్ కొనుట ఉత్తమము. పెరాక్సైడ్ కంటిలో పడిన చూపు పోవచ్చును. కండ్లద్దములు లేక ఆ సీసా మూత తీయరాదు. పొరపాటున పడిన వెంటనే ధారాళమైన మంచినీటితో కనీసము పావుగంట కడిగి వైద్యునికడకు పోవలెను. ఆ నీరు ముందుగానే ప్రక్కన సిద్ధముగా నుండవలెను.

ఇది ఉష్ణమోచక చర్య. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన వేగము దాదాపు రెండింతలగునని రసాయనశాస్త్రపు స్థూల నియమము. పుష్యమాసపు ఉదయమున అరగంట నిలిచిన మిశ్రమము, రోహిణికార్తె మధ్యాహ్నమున చేతిలోనే గడ్డకట్టును. లోతైన డబ్బాలో నుంచిన మిశ్రమము వేడెక్కి పొగలు చిమ్మి అంటుకొనవచ్చును గనుక, కొద్దికొద్దిగా కలిపి వెడల్పు పళ్లెములో పోసికొని వాడవలెను. వేసవిలో తెల్లవారుజామున, నీడలో పనిచేయుట తెలివి.

రెజిన్ నుండి వచ్చు ఘాటువాసన స్టైరీన్‌ది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగము 2018లో దానిని మానవులకు క్యాన్సరు కలిగించు అవకాశము బహుశః కలదను తరగతిలో చేర్చినది. దానికి ముక్కునకు కట్టిన చేతిరుమాలు అడ్డు కాదు. బొగ్గుగుళిక గల మాస్కు కావలెను. అరగదీయునప్పుడు లేచు గాజుధూళికి ధూళిమాస్కు, పొడుగు చేతుల చొక్కా కావలెను. ఇంటిషెడ్డు అనగా ఇల్లు ప్రక్కనే యున్నదని అర్థము. తలుపులు రెండువైపుల తెరచి, పొయ్యి, దీపము, బీడీ దూరముగా నుంచి, పసిపిల్లలు ఆ దరికి రాకుండ చూడవలెను. అనుభవజ్ఞులైన మేస్త్రీలు మాస్కు లేకయే పనిచేయుట మీరు చూతురు. వారి నైపుణ్యమును నేర్చుకొనుడు, ఆ అలవాటును మాత్రము నేర్వకుడు.

ఎపాక్సీ అను మరొక రెజిన్ కలదు. ధర అధికము, కాని పాతపడవకు పాలియెస్టర్ కంటె గట్టిగా అంటుకొనును. వెనుక పలక వంటి ప్రాణస్థానములకు డబ్బున్న ఎపాక్సీయే వాడవలెనని నా అభిప్రాయము. అందు పాళ్లు తయారీదారు చెప్పిన కొలతకు సరిగా నుండవలెను. గట్టిపరచు ద్రవము ఎక్కువ పోసిన త్వరగా గట్టిపడదు, చెడును. మామూలు మ్యాట్‌లో పోగులను పట్టియుంచు జిగురు స్టైరీన్‌లో కరగునట్టిది, ఎపాక్సీలో కరగదు గనుక ఎపాక్సీతో నేతగుడ్డ వాడుదురు. ఎపాక్సీపై పాలియెస్టర్ సరిగా పట్టదు. పాలియెస్టర్ మీద ఎపాక్సీ పట్టును. ఈ తేడా తెలియక రెండును కలగలిపి వాడి నష్టపోవువారు కలరు.

తేలుటను గూర్చి భౌతికశాస్త్రము చెప్పునది వినవలెను. కొయ్యతెప్ప బోల్తాపడినను తేలును. ఫైబర్‌గ్లాసు నీటికంటె ఒకటిన్నర రెట్లు సాంద్రమైనది గనుక నీరు నిండిన మునిగిపోవును. 100 కిలోల పడవ 67 లీటర్ల నీటినే తొలగించును. మిగిలిన 33 కిలోల భారమును మరియొకటి మోయవలెను. మోటారు నీటిలో సుమారు 20 కిలోలు తూగు ననుకొందము. అంచు పట్టుకొని వ్రేలాడు నలుగురికి తలకు పదేసి కిలోల ఆధారము కావలెను. మొత్తము 93 కిలోలు. అనగా దాదాపు 100 లీటర్ల గాలిగది లేక నీరుపీల్చని ఫోమ్ బల్లల క్రింద ఉండితీరవలెను. పాతపడవలో ఆ గదులు పగిలి, ఫోమ్ తడిసి బరువెక్కియుండును. బయటికి తీసి, పిండి చూచిన నీరు కారిన మార్చవలసినదే. దానికి బదులు ధర్మోకోల్ కుక్కి పాలియెస్టర్ పూయువారు కలరు. స్టైరీన్ తగిలిన ధర్మోకోల్ కర్పూరమువలె కరిగిపోవును. గది పైకి మూసియే కనబడును, లోపల శూన్యము, అది పగిలిననాడు తెలియును.

అన్ని పడవలును మరమ్మతునకు అర్హములు కావు. అడుగు దూలములు, వెనుక పలక, అంచుపట్టీ మూడును ఒకేసారి పోయినది, నడుము విరిగి వంగినది, చేతితో నొక్కిన గోడ పొలుసులుగా విడిపోవునది, ఇట్టివానిని ఉచితముగా ఇచ్చినను తీసికొనరాదు. ఎండకు వెలిసి సుద్దపట్టిన రంగు, జెల్‌కోట్‌పై సన్నని సాలెగూడు గీతలు, పైపై గీరుడులు చూచి మాత్రము భయపడనక్కరలేదు. ధర తగ్గించుటకు అవి మంచి సాధనములు. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ వంటి శిక్షణాసంస్థలు ఉన్నవి గనుక, పెద్దపనికి పూనుకొనుటకు ముందు తెలిసినవారిని అడుగుట చిన్నతనము కాదు.

పని ముగిసిన పడవను నేరుగా చెరువునకు తీసికొనిపోరాదు. ముందు షెడ్డు వెలుపలనే దిమ్మలపై నిలిపి, గాలిగదుల రంధ్రములు మూసి, లోపల జానెడు నీరు పోసి ఒక దినము ఉంచిన, కారునది వెలుపల చెమ్మగా కనబడును. తరువాత ఒడ్డుననే, నడుములోతు నీటిలో, మనుష్యులకు బదులు ఇసుకబస్తాలు పేర్చి చూడవలెను. అంచు నీటికి ఎంత ఎత్తున నిలిచినదో కొలిచి వ్రాసికొనవలెను. ఆపై బస్తాలు తీసి, మోటారునకు సమానమైన బరువు మాత్రముంచి, పడవను కావలెనని నీటితో నింపవలెను. అప్పుడు తేలినదే పడవ. మునిగిన గాలిగదుల పని మరల మొదలు పెట్టవలెను.

లైఫ్ జాకెట్టు మనిషికొకటి ఉన్నదో లేదో చూచుకొని, చిట్టచివర రంగు వేయవచ్చును. లేతరంగు ఎండవేడిమిని తక్కువగా పీల్చును గనుక తెలుపు లేక లేతనీలము మేలు. ఇసుకబస్తాల పరీక్షలో తేలిన లెక్క ప్రకారము ఈ పడవ ఎందరిని మోయునో ఆ సంఖ్యను లోపలివైపు, ఎక్కువారి కంటికి ఎదురుగా, చెయ్యెడు అక్షరములతో తెలుగులోను ఉర్దూలోను వ్రాయించవలెను.